మతం ప్రభుత్వ పనిలోకి వచ్చినప్పుడు పౌరుడు ప్రశ్నించే పద్ధతి

శ్రీరామనవమి నాడు భద్రాచలంలో జరిగే కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించడం గోల్కొండ సుల్తాను తానీషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అని చెబుతారు. రాష్ట్రం విడిపోయిన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే లాంఛనాన్ని కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరామాలయంలో జరుపుతోంది. ముఖ్యమంత్రి పళ్లెం తలమీద పెట్టుకొని ఆలయంలోకి నడిచే దృశ్యాన్ని టీవీలో చూసి చేతులు జోడించేవారు మా ఇంట్లోనే ఉన్నారు. రాజ్యాంగ ప్రవేశికలో 'సెక్యులర్' అని రాసుకున్న దేశంలో ప్రభుత్వానికి ఈ పని ఎందుకని అడిగేవాళ్లలో నేనొకణ్ణి. అయినా ఆ లాంఛనం మీద నేను ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాయలేదు, ఇకముందు రాయబోను. ప్రశ్నించవలసినవి అంతకంటే దగ్గరలో, మన వీధిలో, మన పిల్లల బడిలో, మన ఓటు దగ్గర ఉన్నాయి. వాటిలో చాలావాటికి చట్టమే దారి చూపిస్తోంది. ఆ దారి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ మూసుకుపోతుందో, కొన్నేళ్లుగా ఇలాంటి దరఖాస్తులు రాస్తూ నేర్చుకున్నంత మేరకు ఇక్కడ చెబుతాను.

భక్తినీ పదవినీ విడదీయడం

కలం పట్టే ముందు మీరు చూసిన సంఘటనను మూడు ప్రశ్నలతో పరీక్షించుకోవాలి. ఖర్చయిన డబ్బు ఎవరిది? ఆ పని ప్రభుత్వ ఉత్తర్వుతోనో, అధికార హోదాతోనో జరిగిందా? అందులో పాల్గొనను అన్నవారికి నష్టం కలిగే పరిస్థితి ఉందా? డబ్బు సొంతదై, ఉత్తర్వు గానీ బలవంతం గానీ లేకుండా జరిగిన పనైతే అది ఆ మనిషి భక్తి మాత్రమే. రాజ్యాంగం 25వ అధికరణం ఆ స్వేచ్ఛను కూలికి ఎంత ఇచ్చిందో కలెక్టరుకూ అంతే ఇచ్చింది. మంత్రిగారు సొంత ఖర్చుతో శబరిమల వెళ్లినా, హజ్‌కు వెళ్లినా, ఆదివారం చర్చిలో పాట పాడినా మనం అడగడానికి ఏమీ ఉండదు.

ఈ పరీక్ష ఎలా పనిచేస్తుందో అందరికీ తెలిసిన ఒక ఉదాహరణతో చూద్దాం. 2017 ఫిబ్రవరిలో, అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు రాష్ట్ర సాధన మొక్కు తీర్చుకోవడానికి తిరుమల శ్రీవారికి 5 కోట్ల రూపాయలకు పైగా విలువైన బంగారు ఆభరణాలు సమర్పించారు. ఆ సొమ్ము ప్రభుత్వానిది. మొక్కుకున్నది ఒక మనిషి, తీర్చింది ఖజానా. ఇక్కడ మనం ప్రశ్నించవలసింది ఆయన విశ్వాసాన్ని కాదు, ఏ పద్దు కింద ఆ డబ్బు మంజూరైందన్న ఒక్క విషయాన్నే. బతుకమ్మకు చీరలు, రంజాన్‌కూ క్రిస్మస్‌కూ దుస్తులు పంచిన పథకాల సంగతి ఇంత తేలిక కాదు. అందుకున్నవాళ్లు పేదలు, పంచింది అన్ని మతాలవారికి. అన్ని పండుగలకూ సమానంగా పంచితే సెక్యులరిజం పూర్తయినట్టేనని మన నాయకులు పార్టీలకు అతీతంగా నమ్ముతారు. నాకు అందులో ఓటు లెక్కే కనిపిస్తుంది గానీ, ఫిర్యాదుగా రాస్తే నిలిచే విషయం మాత్రం కాదది.

చట్టం మనకు ఎంతవరకు తోడు వస్తుందో ముందే తెలుసుకోవడం మంచిది. ప్రవేశికలో 'సెక్యులర్' అనే మాట 1976లో 42వ సవరణతో చేరింది. అంతకంటే ముఖ్యంగా, 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం లౌకికతను రాజ్యాంగ మౌలిక స్వరూపంలో, అంటే పార్లమెంటు సైతం మార్చలేని దానిలో, భాగంగా గుర్తించింది. అయితే మన రాజ్యాంగం మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ కట్టలేదు, కంచె వేసి దానికి గేట్లు కూడా పెట్టింది. కేరళ ప్రభుత్వం ఏటా 46.5 లక్షల రూపాయలు తిరువాంకూరు దేవస్వం నిధికి (ఆలయాల నిర్వహణ నిధి) చెల్లించాలని 290-ఎ అధికరణమే చెబుతోంది. ప్రభుత్వ భవనాల శంకుస్థాపనల్లో భూమిపూజ చేయడంపై గుజరాత్ హైకోర్టుకు వెళ్లిన ఒక పౌరుడి పిటిషన్‌ను 2011లో కొట్టివేయడమే కాక, ఆయనకు 20,000 రూపాయల ఖర్చులు కూడా విధించారు. కాబట్టి కొబ్బరికాయ మీద కోర్టుకు వెళ్లకండి. గెలవరు, పైగా అసలు విషయం పక్కకు పోతుంది.

ఓటు దగ్గర

అసలు విషయం అన్నది మొదట ఎన్నికల్లోనే ఎదురవుతుంది. పోలింగ్‌కు రెండు రోజుల ముందు రాత్రి తొమ్మిదిన్నరకు మా పక్క వీధిలోని ఒక ఇంటి వరండాలో నేను చూసిన ఏర్పాటు ఇది: చిన్న బల్ల, దాని మీద పసుపు గుడ్డ, గుడ్డ మీద దేవుడి పటం, పక్కన గిన్నెలో అక్షింతలు. వచ్చినవాళ్ల చేతిలో కవరు పెట్టే ముందు పటం మీద చెయ్యి పెట్టించి గుర్తు పేరు పలికిస్తున్నారు. వేరే మతంవారి ఇల్లయితే పటం స్థానంలో వాళ్ల గ్రంథం ఉంటుంది, మిగతాదంతా మామూలే. మర్నాడు ఒక పెద్దామెను, 'డబ్బు ఎవరు ఇస్తేనేం, మీకు నచ్చినవాళ్లకే వేయొచ్చు కదమ్మా' అని అడిగితే, 'ఒట్టేశాక తప్పితే పిల్లలకు మంచిది కాదు నాయనా' అన్నారు.

ఆమె అన్న ఆ మాటే చట్టంలో నేరుగా ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం, ఓటరుకు గానీ, ఓటరు ఎవరి బాగోగులు కోరుతాడో వారికి గానీ దైవాగ్రహం తగులుతుందని నమ్మించి ఓటును ప్రభావితం చేయడం అనుచిత ప్రభావం కిందికి వస్తుంది. డబ్బు పంచడం ఒక తప్పు, ఒట్టు వేయించుకోవడం దానికి తోడు మరో తప్పు. మన ఫిర్యాదుల్లో మొదటిదాన్ని రాసి రెండోదాన్ని వదిలేస్తుంటాం. ఇది పాత సూత్రమే. పంజాబు ప్రాంతంలో నామ్‌ధారీ అనే సిక్కు శాఖ గురువు ఫలానా అభ్యర్థికే ఓటు వేయాలని తన అనుచరులకు హుకుం జారీ చేసినందుకు ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టు 1959లోనే తేల్చింది. పీఠాధిపతి, పాస్టర్, మౌలానా ఎవరైనా పౌరుడిగా తన రాజకీయ అభిప్రాయం చెప్పుకోవచ్చు. ఆజ్ఞగా, ధిక్కరిస్తే పాపమన్న భయం పెట్టి చెప్పడంతోనే చిక్కు వస్తుంది.

అదే సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ మతం, జాతి, కులం, సముదాయం, భాష ఆధారంగా ఓటు అడగడాన్నీ, వేయవద్దనడాన్నీ, మత చిహ్నాలు చూపి అడగడాన్నీ 'అవినీతి చర్య'గా పేర్కొంది. అక్కడ 'అతని మతం' అన్న మాట అభ్యర్థి మతానికే వర్తిస్తుందా, ఓటరు మతానికి కూడానా అన్న వివాదం చాలాకాలం నలిగింది. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తేడాతో, అభ్యర్థి, అతని ఏజెంటు, ప్రత్యర్థి, ఓటరు ఎవరి మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని నిర్ణయించింది. మెజారిటీ పక్షంలో తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఉన్నారు. అసమ్మతి తెలిపిన ముగ్గురి వాదన కూడా తీసిపారేయదగినది కాదు: కులం వల్లనో మతం వల్లనో తరతరాలుగా నష్టపోయినవారు ఆ అన్యాయం గురించి ఎన్నికల్లో మాట్లాడకూడదంటే ఎలా అన్నది వారి ఆందోళన. అందువల్ల 'మా వాడలో శ్మశానానికి స్థలం లేదు, మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారు' అన్న ప్రసంగం మీద ఎగబడి ఫిర్యాదు చేయడం నా దృష్టిలో సరికాదు. 'మనవాడు కాబట్టి వేయండి, వాళ్లవాడు కాబట్టి వేయకండి' అన్నదే మన లక్ష్యం.

ఇక ఆధారాల సంగతి. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులో ఉన్నంత కాలం, ఎన్నికల సంఘం 2018లో తెచ్చిన సి-విజిల్ యాప్ ద్వారా ఫొటో గానీ రెండు నిమిషాల్లోపు వీడియో గానీ పంపవచ్చు. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని లెక్క. నేను మొదటిసారి చేసిన పొరపాటు మీరు చేయకండి. ఆ రాత్రి వరండాను మామూలు కెమెరాతో నింపాదిగా తీసుకొని, ఇంటికి వచ్చి యాప్‌లో పెడదామని చూస్తే తీసుకోలేదు. ఆ యాప్ తెరిచి అందులోంచే తీసిన చిత్రాన్నే, అక్కడి నుంచే పంపాలి, ఎందుకంటే మీరు నిలబడిన చోటును ఫోను స్వయంగా జత చేస్తుంది. పేరు చెప్పకుండా పంపే వీలుంది గానీ, అలా పంపితే దాని మీద ఏం జరిగిందో తరువాత కనుక్కోలేరు. 1950 నంబరుకు ఫోన్ చేయడం మరో మార్గం. పంచాయతీ, పురపాలక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చూసేవి కనుక ఆ ఫిర్యాదులు అక్కడికే వెళ్లాలి.

యాప్‌తో సరిపెట్టకుండా రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా కూడా ఇవ్వాలి. అందులో 'అభ్యర్థి మతవిద్వేషాలు రెచ్చగొట్టాడు' అని రాస్తే దానికి విలువ లేదు, అది మీ అభిప్రాయం మాత్రమే. తేదీ, గంట, స్థలం, మాట్లాడినవారి పేరు, వేదిక మీద అభ్యర్థి ఉన్నాడా లేదా, ఆపై పలికిన మాటలు ఉన్నవి ఉన్నట్టు కొటేషన్లలో, వీడియోలో ఎన్నో నిమిషంలో వస్తాయో సహా రాయాలి. మాటలను పూర్తి సందర్భంతో ఇవ్వడానికి కారణం ఉంది. 1960లలో పంజాబులో ఒక అభ్యర్థి పోస్టరులో 'పంథ్' (సిక్కు మత సమాజం) అన్న మాట వాడినందుకు వచ్చిన కేసులో, పోస్టరు మొత్తం చదివి, ఆ మాట అక్కడ మతాన్ని కాక పార్టీని సూచిస్తోందని సుప్రీంకోర్టు తేల్చి, ఎన్నికను నిలబెట్టింది. ఒక ముక్క కత్తిరించి పంపిన వీడియో మన దావాను మనమే చంపుకున్నట్టు.

ఎన్నికల సంఘం కదలదన్న నిరాశ చాలామందికి ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. కానీ 2019 ఏప్రిల్ 15న ఆ సంఘం ఒకే రోజున యోగి ఆదిత్యనాథ్‌ను 72 గంటలు, మాయావతిని 48 గంటలు ప్రచారానికి దూరంగా ఉంచింది. ఇద్దరివీ మతం పేరెత్తిన ప్రసంగాలే. ఆ ముందు సుప్రీంకోర్టు గట్టిగా అడగవలసి వచ్చిందన్నదీ నిజమే.

నియమావళి ఉల్లంఘనకు మందలింపో, నిషేధమో వస్తుంది. ఎన్నికనే రద్దు చేయించాలంటే హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి, దాన్ని ఓడిన అభ్యర్థే వేయనక్కరలేదు, ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా వేయవచ్చు. ఫలితం ప్రకటించిన నాటి నుంచి 45 రోజులు దాటితే ఎంత బలమైన ఆధారమైనా పనికిరాదు. డిపాజిట్ 2,000 రూపాయలు మాత్రమే గానీ, అవినీతి చర్య ఆరోపిస్తే నిర్ణీత నమూనాలో ప్రమాణపత్రం జతచేయాలి. వీడియో ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ కావాలి. కనుక తీసిన ఫోనును అమ్మేయకండి, మెమరీ కార్డును చెరపకండి. ప్రసంగం చేసింది అభ్యర్థి కాకపోతే, అది అతని సమ్మతితో జరిగిందని రుజువు చేయాలి. నామినేషన్‌కు ముందు మాట్లాడినవి పైన చెప్పిన 123వ సెక్షన్ కిందికి రావు. మన నాయకులు మతాన్ని వాడుకునే ఊరేగింపులన్నీ షెడ్యూలు రాకముందే పూర్తి చేసుకోవడం యాదృచ్ఛికం అనుకోను.

ఈ దారి పొడవెంతో కూడా దాచకుండా చెప్పాలి. ముంబయిలోని విలే పార్లే స్థానానికి 1987లో జరిగిన ఉపఎన్నికలో రమేశ్ ప్రభు గెలుపును, ఆయన తరఫున బాల్ ఠాక్రే చేసిన ప్రసంగాల కారణంగా బొంబాయి హైకోర్టు రద్దు చేయగా, సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసేసరికి 1995 డిసెంబరు వచ్చింది. దాని పర్యవసానంగా ఠాక్రే ఆరేళ్లపాటు ఓటు హక్కు కోల్పోయారు. పైన చెప్పిన అభిరామ్ సింగ్ కేసు 1990 ఎన్నికది, తీర్పు 2017లో. విచారణను ఆరు నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని అదే చట్టంలో రాసి ఉంది. అందుకే నేను ఓటర్లకు ఎప్పుడూ చెప్పేది, పిటిషన్‌ను చివరి ఆయుధంగా ఉంచుకొని, ప్రచార సమయంలోనే లెక్కకు మిక్కిలిగా రాతపూర్వక ఫిర్యాదులు నమోదు చేయించమని.

ఎన్నికలు లేని కాలంలో కూడా పనికివచ్చే చట్టం ఒకటుంది, వకీళ్లలో సైతం చాలామంది దాన్ని మరిచిపోయారు. 1988 మతసంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం గుడి, మసీదు, చర్చి, గురుద్వారా, మఠం ఏదైనా సరే, దాని ఆవరణను రాజకీయ ప్రచారానికి వాడకూడదు. దాని నిధులను పార్టీకి మళ్లించకూడదు. దాని ఉత్సవాలను రాజకీయ కార్యక్రమంగా మార్చకూడదు. శిక్ష ఐదేళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా. బాధ్యత నిర్వాహకుడిది కనుక, ఫిర్యాదు రాసేముందు ఆ నిర్వాహకుడికే ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం ఇచ్చి చూడండి. నాయకుడికి కాదనలేక మైకు ఇచ్చిన ఆలయ కమిటీవాళ్లు, 'చట్టం ఒప్పుకోదంటున్నారండీ' అని చెప్పుకోవడానికి ఒక కాగితం కోసమే ఎదురుచూస్తుంటారు.

పన్ను డబ్బు దగ్గర

27వ అధికరణం ఒక మతాన్ని ప్రోత్సహించడానికే ప్రత్యేకించిన పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదంటుంది. దీన్ని చేతిలో పట్టుకొని ఏ మతానికి ఏ పైసా ఇచ్చినా చెల్లదని వాదించేవాళ్లు హజ్ సబ్సిడీ మీద 2011లో వచ్చిన తీర్పు చదవాలి. వసూలైన పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి పోతే తప్ప 27వ అధికరణం ఉల్లంఘన కాదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. మరుసటి ఏడాది అదే కోర్టు సబ్సిడీని పదేళ్లలో క్రమంగా ఎత్తివేయమనగా, కేంద్రం 2018లోనే ఆపేసింది. కాబట్టి మన రాష్ట్రాల్లో ఆలయాలకు ధూపదీప నైవేద్య పథకం, జెరూసలేం యాత్రకు సాయం, ఇమాములకూ పాస్టర్లకూ గౌరవ వేతనం వంటివి కోర్టులో కొట్టుకుపోతాయని ఆశపడనక్కరలేదు. వాటి లెక్కలు బయటపెట్టించడం మాత్రం మన చేతిలో ఉన్న పని.

ఆలయ ఆదాయం వేరు, పన్ను డబ్బు వేరు. హుండీలో పడింది భక్తుల సొమ్ము. దాన్ని ఆలయ పనులకు వాడితే లౌకికవాదికి అభ్యంతరం ఉండకూడదు. అభ్యంతరం ఉండవలసింది ఆ హుండీ మీద ప్రభుత్వ పెత్తనం రాజకీయ పునరావాసంగా మారినప్పుడు. 1987 దేవాదాయ చట్టం కింద ధర్మకర్తల మండళ్లను నియమించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఏ పార్టీ వచ్చినా ఆ పదవులు పార్టీవాళ్లకే దక్కుతాయి. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానాల మండలికి సభ్యులు కాక దాదాపు 50 మందిని ప్రత్యేక ఆహ్వానితులుగా వేస్తే హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది. మతం రాజకీయాల్లోకి రావడం గురించి గొంతు చించుకునే మా లౌకికవాదులు, రాజకీయం గుడిలోకి వెళ్లడాన్ని అంతే గట్టిగా అడగకపోవడం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది. వక్ఫ్ బోర్డు నియామకాలకూ ఇదే వర్తిస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తు రాయడంలో ఒక మెళకువ చెబుతాను. తొలి రోజుల్లో నేను ఒక మండల కార్యాలయానికి 'ప్రజాధనంతో ప్రార్థనా మందిరానికి రోడ్డు ఎందుకు వేశారు?' అని రాస్తే, 'తమరు కోరినది సమాచార నిర్వచనంలోకి రాదు' అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. వాళ్లన్నదే నిజం. 'ఎందుకు' అన్నది వాదన, కాగితం మాత్రమే సమాచారం. రెండోసారి ఇలా రాశాను:

'2005 సమాచార హక్కు చట్టం 6(1) సెక్షన్ కింద కోరుతున్న సమాచారం: ఫలానా గ్రామం ఫలానా సర్వే నంబరులో ఫలానా సంవత్సరం చేపట్టిన పనికి సంబంధించి, పరిపాలనా అనుమతి ఉత్తర్వు నకలు, అంచనా పత్రం నకలు, ఏ పద్దు కింద చెల్లింపు జరిగిందో తెలిపే బిల్లుల నకళ్లు, ఆ పనిని ఆమోదించిన గ్రామసభ తీర్మానం నకలు, అదే పద్దు కింద గత మూడేళ్లలో మండలంలో చేపట్టిన అన్ని పనుల జాబితా.'

చివరి అంశమే అసలైనది. ఒక్క పని గురించి అడిగితే ఒక మతం మీద పగబట్టినట్టు కనిపిస్తుంది, జాబితా మొత్తం అడిగితే ప్రభుత్వం తీరు బయటపడుతుంది. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైస్థాయిలో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

బడి దగ్గర

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధన ఉండరాదని 28వ అధికరణం తేల్చి చెబుతోంది. ఎయిడెడ్ బడుల్లోనూ, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల్లోనూ బోధన ఉండవచ్చు గానీ, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను అందులో కూర్చోబెట్టకూడదు. మతాల గురించి చెప్పడానికీ, మతాన్ని బోధించడానికీ తేడా ఉందని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించింది కనుక, పాఠంలో రామాయణ కథో, ఏసు జీవితమో వచ్చినంత మాత్రాన గొడవపడకూడదు. ఉదయపు ప్రార్థనల విషయం ఇంకా తేలనిది. కేంద్రీయ విద్యాలయాల ప్రార్థనా గీతాలపై వచ్చిన పిటిషన్‌ను 2019 జనవరిలో విస్తృత ధర్మాసనానికి నివేదించారు.

ఇక్కడ మన లక్ష్యం గెలవడం కాకూడదు, మన బిడ్డ తోటివాళ్ల ముందు చిన్నబోకూడదు. హెడ్మాస్టరు గదిలో, స్టాఫ్ అందరి ముందు రాజ్యాంగం చదివి వినిపించిన తండ్రి పిల్లవాడిని మిగతా సంవత్సరమంతా అందరూ ఎలా చూస్తారో ఊహించడం కష్టం కాదు. బడి ముగిశాక విడిగా కలిసి, 'ఫలానా కార్యక్రమంలో మా అమ్మాయి పాల్గొనడానికి మా సమ్మతి లేదు. ఆ సమయంలో ఆమెను లైబ్రరీలోనో, మరో తరగతిలోనో కూర్చోనివ్వవలసిందిగా కోరుతున్నాము' అన్న రెండు వాక్యాల ఉత్తరం ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకుంటే చాలాచోట్ల సరిపోతుంది. సరిపోకపోతే మండల విద్యాధికారికి రాయాలి. ఎదురుపక్షం మరీ మొండికేస్తే బిజో ఇమ్మాన్యుయేల్ కేసు గుర్తుచేయండి. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడి, తమ విశ్వాసం కారణంగా పాడకుండా ఉన్నందుకు బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసినవారు మన అనంతపురం జిల్లా జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. అది మతవిశ్వాసం ఉన్న పిల్లలను కాపాడిన తీర్పు. విశ్వాసం లేని పిల్లలకు కూడా అదే గొడుగు.

మైకుల గురించీ, రోడ్ల మీద కట్టడాల గురించీ ఎక్కువ చెప్పనక్కరలేదు, నియమాలు సూటిగా ఉన్నాయి. 2000 శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే వీలు రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ప్రార్థనకు మైకు తప్పనిసరి హక్కు కాదని చెన్నైలోని ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. వీధుల్లో, పార్కుల్లో అనుమతి లేకుండా కొత్తగా గుడి, చర్చి, మసీదు, గురుద్వారా కట్టనివ్వరాదని 2009 సెప్టెంబరు 29న అదే కోర్టు ఆదేశించింది. పునాది రాళ్లు పడిన వారంలోనే కలెక్టరుకు ఫొటోతో దరఖాస్తు ఇవ్వాలి. విగ్రహమో, శిలువో, మినారో లేచాక ఏ అధికారీ చెయ్యి వేయడు.

రాసే భాష

ఇలాంటి ఫిర్యాదులు చట్టం చాలక ఓడిపోవడం కంటే భాష చెడి ఓడిపోవడమే ఎక్కువ. 'మూఢభక్తులు', 'గొర్రెలు' వంటి మాటలు ఉత్తరంలో ఒక్కటి కనబడినా అధికారి దాన్ని పక్కన పెట్టడానికి అవకాశం దొరికినట్టే. ఉద్దేశపూర్వకంగా మతభావాలను గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడే నేరం కూడా. ఫిర్యాదుదారుడే నిందితుడయ్యే ప్రమాదం ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో వాదనకు దిగినప్పుడు ఇది మరింత గుర్తుండాలి. గోరా (గోపరాజు రామచంద్రరావు) నాస్తికుడై ఉండి గాంధీజీతో కూర్చొని మాట్లాడగలిగారు. ఆయన ఓపికలో పదోవంతు మనకున్నా చాలు.

నేను పాటించే ఒక అలవాటు ఉంది. చిత్తుప్రతి పూర్తయ్యాక అందులో 'గుడి' అని ఉన్నచోట 'మసీదు' అని, తరువాత 'చర్చి' అని మార్చి రెండుసార్లు పైకి చదువుతాను. మతం పేరు మారగానే వాక్యం మరీ కటువుగానో, మరీ మెత్తగానో వినిపిస్తే లోపం నాలో ఉన్నట్టు. ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాస్తాను. రెండో అలవాటు, నేను పుట్టిపెరిగిన మతానికి సంబంధించిన విషయాలతోనే మొదలుపెట్టడం. మైకు మీద మా వీధి నుంచి వెళ్లిన ఒక అర్జీ మీద మొదటి సంతకం పక్క వీధి ఆలయ అర్చకుడిది. పరీక్షలకు చదువుకునే కూతురు ఆయనకూ ఉంది. నా పేరు ఏడో వరుసలో ఉంది. ఆ అర్జీని స్టేషన్‌లో తీసుకున్న ఎస్సై మొదటి పేరు చదివి, కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

పంపిన ప్రతి కాగితానికీ రసీదు, లేదా నకలు మీద కార్యాలయ ముద్ర, తేదీ తీసుకోవాలి. నా దగ్గర ఒక పాత స్కూలు నోటు పుస్తకం ఉంది. ఎడమ పేజీలో పంపిన తేదీ, కార్యాలయం, విషయం, కుడి పేజీలో 30వ రోజు తేదీ ముందే రాసిపెట్టుకుంటాను. సమాచార హక్కు దరఖాస్తుకు ఆ తేదీ దాటినా జవాబు రాకపోతే తరువాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, దానికీ ఫలితం లేకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. ఎన్నికల ఫిర్యాదులకైతే కుడి పేజీలో ఫలితాల తేదీ నుంచి 45వ రోజును ఎర్ర సిరాతో రాయండి.